పడుగు ముందు ఆగిన జీపు

మన డ్రైవర్ల సంఘం పిల్లలు మొన్న ఇంటికి వచ్చి, అన్నా, సంఘం సంచికలో వేస్తాం, నీ సర్వీసులో జరిగిన గొప్ప సంగతి ఒకటి రాసియ్యి అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా గవర్నమెంటు జీపు తోలినవాడికి గొప్ప సంగతులు ఎక్కడివి? ఆఫీసరు ఎక్కితే బయల్దేరాలి, దిగితే దుమ్ము తుడుచుకోవాలి. నేను అదే చెప్పాను. కానీ వాళ్ళ కళ్ళు గోడమీద అద్దం కట్టించిన ప్రశంసాపత్రం మీద పడ్డాయి. ఒక దేశానికి ప్రధానమంత్రిగా చేసినాయన ప్రాణం నేను కాపాడానని అందులో రాసి ఉంది. ఇంకేం అన్నా, దీని గురించే రాయి అన్నారు. సరే, దాని గురించే రాస్తున్నాను. మీరు అనుకున్నట్టు మాత్రం ఉండదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆదోనిలో చేనేత ఆఫీసు జీపుకు టెంపరరీ డ్రైవరుని. పర్మినెంటు చేస్తామని మూడేళ్ళుగా అంటున్నారు, చెయ్యడం లేదు. మాది ఎమ్మిగనూరు. తాతల కాలం నుంచీ మగ్గమే. మా ఇంట్లో మగ్గం వదిలి స్టీరింగు పట్టుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ సంగతికి మా నాయన నాతో రెండేళ్ళు సరిగా మాట్లాడలేదు.

పసిఫిక్ సముద్రంలో కొన్నేళ్ళ ముందే స్వాతంత్య్రం వచ్చిన ఒక చిన్న దేశం. పేరు రాయను. ఆ దేశపు మొదటి ప్రధానమంత్రి, అప్పటికి పదవి దిగి ఏడాది అయిందంట, మన దేశం చూడటానికి వచ్చాడు. వాళ్ళ ఆడవాళ్ళు ఆకుతో చాపలు అల్లుతారు. వాళ్ళకు సొసైటీ పెట్టించాలని ఆయన ఆశ. నేతగాళ్ళ సొసైటీ ఎట్లా నడుస్తుందో చూస్తానంటే ఢిల్లీలో ఎవరో మహానుభావుడు ఎమ్మిగనూరు పేరు చెప్పాడు. మా ఆఫీసరు సారు మ్యాపు తెచ్చి బల్లమీద పరిచి ఆ దేశాన్ని వెతికాడు. ఎక్కడ చూసినా నీళ్ళే. చివరికి ఈగ రెట్ట వేసినట్టున్న నాలుగు చుక్కలు చూపించి ఇదేనప్పా అన్నాడు.

మా సారు మంచివాడు, కానీ పిరికి. ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడేవాడు. అతిథికి గుండె జబ్బు ఉందనీ, ఎండలో నడిపించవద్దనీ, ఏమన్నా అయితే మీదే బాధ్యత అనీ పైనుంచి ఫోను వచ్చింది. ఆ రోజు నుంచి సారుకు అన్నం దిగలేదు. నన్ను పిలిచి, బండి పక్కాగా పెట్టుకో, బ్రేకులు చూసుకో, టైర్లు చూసుకో అని రోజుకు మూడుసార్లు చెప్పేవాడు. వినీ వినీ ఆ భయం నాకూ అంటుకుంది. ఏమన్నా అయితే సారుకు మెమో వస్తుంది. టెంపరరీవాడికి మెమో కూడా రాదు, ఇంటికి పొమ్మంటారు.

మాఘం వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులు. పొద్దున్నే ఆదోని బంగళా దగ్గర జీపు పెట్టాను. పెద్దాయన బయటికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, తెల్లటి ఉంగరాల జుట్టు. సారు వెనక సీటు తలుపు తెరిచి పట్టుకుంటే ఆయన వచ్చి ముందు, నా పక్కన కూర్చున్నాడు. మా దేశంలో నేను డ్రైవరు పక్కనే కూర్చునేవాణ్ణి, వెనక కూర్చుంటే దారి కనపడదు అన్నాడంట. సారు, బందోబస్తుకు ఇచ్చిన హెడ్డు కానిస్టేబులు వెనక కూర్చున్నారు. మిగతా పరివారం మధ్యాహ్నం మీటింగు ఏర్పాట్లకు బంగళాలోనే ఆగిపోయింది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు అప్పట్లో గంట దారి. రెండు పక్కలా పత్తి ఏరిన చేలు, ఎదురుగా ఆదోని మార్కెట్టుకు పోయే పత్తి బండ్లు. పెద్దాయన మాట్లాడుతూనే ఉన్నాడు, సారు నాకోసం కొంచెం కొంచెం తెలుగులో చెబుతున్నాడు. చేపలు పట్టేవాళ్ళ కొడుకంట. బడిపంతులు అయ్యాడు. తెల్లవాళ్ళ కోర్టులో ఈ మాట ఆ భాషలోకి, ఆ మాట ఈ భాషలోకి చెప్పే పని చేశాడు. అందులోనే జనం కష్టం తెలిసింది. తర్వాత ఊరూరూ పడవ మీద తిరిగి సంఘాలు కట్టాడు, కొన్నాళ్ళు జైల్లో ఉన్నాడు, చివరికి ప్రధానమంత్రి అయ్యాడు.

జెండా ఎగిరిన రోజు ఎట్లా అనిపించిందండీ అని సారు అడిగాడు. గర్వంగా అనిపించిందని చెబుతాడనుకున్నాం. ఆయన నవ్వి, భయం వేసింది అన్నాడు. జనమంతా ఆడి పాడుతుంటే, రేపు ఓడ రాకపోతే బియ్యం ఎక్కడివని తాను ఒక మూల నిలబడి లెక్క వేసుకుంటున్నాడంట. భయపడని రోజు ఒక్కటీ లేదనీ, భయం ఉన్నవాడే పడవ చూసి తిప్పుతాడనీ అన్నాడు. ఆ మాట డ్రైవరుగా నాకు బాగా నచ్చింది.

ఆ దేశంలో పన్నెండు దీవులు. రోజూ పడుకునే ముందు ఆ పన్నెండు పేర్లూ వరసగా పైకి చెప్పుకుంటాడంట. ఏదైనా సభలో ఒక దీవి పేరు మరిచిపోతే ఆ దీవివాళ్ళు ఆరు నెలలు మాట్లాడరట. నవ్వుతూ మాకు కూడా చెప్పి వినిపించాడు. నాకు నోరు తిరగలేదు గానీ, వేళ్ళమీద లెక్కపెట్టాను. పన్నెండు.

అందులో చివరి మూడు దీవులవాళ్ళు ఒకసారి మేము విడిపోతామన్నారు. ఈయన ఒక్కడే చిన్న పడవలో పోయాడు. వాళ్ళ ఆడవాళ్ళు ఒడ్డు పొడుగునా చాపలు పరిచి పెట్టారు. రావద్దని అర్థం. ఈయన చాప తొక్కలేదు, వెనక్కీ పోలేదు. నీళ్ళలో నిలబడి, చాప తియ్యండమ్మా, నేను రావచ్చునా అని అడుగుతూనే ఉన్నాడంట. సముద్రం పోటెక్కి నీళ్ళు రొమ్ముదాకా వచ్చాక ఒక ముసలామె లేచి చాప చుట్టింది. తొక్కి పోతే ఏమయ్యేది అని సారు అడిగాడు. అల్లినవాళ్ళను అడక్కుండా తొక్కినవాడు రాజైనా దొంగే అన్నాడు. ఇప్పుడు మళ్ళీ ఆ మూడు దీవుల్లోనే గొడవ మొదలైందట. కొత్త ప్రభుత్వం మాట వాళ్ళు వినడం లేదు, ఈయన మాటే వింటారు. నెలాఖరుకు అక్కడ ఉండాలి, లేకపోతే తుపాకులు బయటికి వస్తాయి అన్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధులు మీకు తెలుసు. ఇప్పుడు సిమెంటు పడింది గానీ అప్పుడు మట్టిదే. ఇద్దరు చేతులు చాపితే గోడలు తగిలేంత ఇరుకు. మేము పోయిన వీధికి చివర గోడ, అవతలికి దారి లేదు. ఆ చివరి ఇంట్లో ఒక అవ్వ ఉండేది. డెబ్భై ఏళ్ళకు దగ్గర. మొగుడు పోయాక కూడా గుంత మగ్గం మీద తనే నేసేది. ఆమె నేత చూపించాలని సొసైటీవాళ్ళ ఏర్పాటు. అతిథికి చూపించడానికే ఆ పొద్దున వీధిలో ఆమె పడుగు సాచి గంజి పెడతామన్నారు.

పడుగు అంటే తెలియని పిల్లల కోసం చెబుతాను. చీరకు నిలువుగా పోయే దారాలు. వేల దారాలు ఒక్కచోట చేర్చి, వీధి పొడుగునా కర్రల మీద బిగించి, గంజి పెట్టి కుంచెతో దువ్వుతారు. ఆరేదాకా ఎవరూ కదిలించకూడదు. తడి మీద జారిందంటే దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇక దాన్ని బాగుచెయ్యడం దేవుడి తరం కాదు. చిన్నప్పుడు నేను ఒకసారి గాలిపటం వెంట పరిగెత్తి పడుగు దాటాను. మా అమ్మ నా వీపు పగలగొట్టి, నా తల పడుగుకు తాకించి మొక్కించింది. పడుగు దాటితే ఇంట్లో అన్నం దాటిపోతాదిరా అని ఏడ్చింది. దెబ్బలు మరిచిపోయాను గానీ ఆ ఏడుపు మరిచిపోలేదు.

వీధి మొదట్లో జీపు ఆపాను. నడిచిపోవడం మంచిది సార్, లోపలికి పోతే మళ్ళీ పడుగు తీసేదాకా బయటికి రాలేము అన్నాను. అంటే గట్టిగా అనలేదు, నోట్లో గొణిగాను. సారు ఎండ చూశాడు, పెద్దాయన్ని చూశాడు.

"నడిపించొద్దని ఫోన్ల సెప్పినారు గదప్పా. లోపలికి పోనీ. ఇంటి ముందర దించు."

పోనిచ్చాను. చివరి ఇంటి ముందు కొంచెం వెడల్పుంటే, అక్కడ ముందుకూ వెనక్కీ తిప్పి, బండి ముఖం వీధి వైపు ఉండేట్టు గోడకు ముట్టించి పెట్టాను. మా వెనకాలే ఆరుగురు మగవాళ్ళు అవ్వ పడుగు తెచ్చి వీధి పొడుగునా బిగించారు. పక్కనుంచి మనిషి ఒంగి పోవచ్చు. జీపు పోదు. ఇది నాకు తెలుసు. నేతగాడి కొడుకును, నాకు కాక ఎవరికి తెలుస్తుంది? సారు చెప్పాడు కదా అని ఊరుకున్నాను.

పెద్దాయన పడుగు దగ్గర చాలాసేపు నిలబడి చూశాడు. కుంచె తీసుకుని తనూ రెండుసార్లు దువ్వాడు. తర్వాత ఇంట్లోకి పోయి అవ్వ నేస్తుంటే చూశాడు. నేనూ కూర్చుంటాను అన్నాడు. అవ్వ లేచి చోటిచ్చింది. ఆయన గుంత అంచున కూర్చుని కాళ్ళు కిందికి దించి, అడ్డం దారం మోసుకుపోయే నాడె విసిరాడు. అది సగం దూరం పోయి ఆగింది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

మొదట కనిపెట్టింది అవ్వే.

"ఈయప్ప మొగం సూడండి. రంగు మారిపాయ."

ముఖం బూడిద రంగుకు తిరిగింది, చెమటలు కారుతున్నాయి, ఎడమ చెయ్యి పట్టుకుని ముందుకు ఒంగిపోయాడు. నలుగురం కలిసి గుంతలోంచి పైకి లాగాం. సారు ఆయన చొక్కా గుండీ కూడా తియ్యలేకపోయాడు. ఎమ్మిగనూరులో అప్పుడు గుండెకు చూసే వసతి లేదు, ఆదోనికి పోవాల్సిందే. జీపు వెనక సీట్లో పడుకోబెట్టాం. సారు ఒళ్ళో తల పెట్టుకున్నాడు. హెడ్డు నా పక్కన ఎక్కాడు. నేను ఇంజను స్టార్టు చేసి గేరు వేసి, ఎదురుగా చూశాను.

పడుగు. తెల్లగా, తడిగా, వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా.

నా కాలు బ్రేకు మీదికి పోయింది. నేను పెట్టలేదు, అదే పోయింది. హెడ్డు నా భుజం మీద కొట్టి, తొక్కించు, తొక్కించి పో అని అరిచాడు. సారు ఏడుస్తున్నాడు. కుంచెలు పట్టుకున్న మగవాళ్ళు గోడలకు అంటుకుని నావైపే చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు నాకు వరసకు మామలు. తొక్కించినా, దారాలు చక్రాలకు చుట్టుకుని జీపు మధ్యలో ఆగిపోతే? వెనక మనిషి చచ్చిపోతే? తొక్కించకపోయినా చచ్చిపోతే? మా అమ్మ ఏడుపు చెవుల్లో వినిపిస్తోంది. స్టీరింగు మీద చేతులు అతికించినట్టు ఉండిపోయాయి.

వెనక నుంచి పెద్దాయన తల ఎత్తి, అద్దంలోంచి ఎదురుగా చూసి, చెయ్యి ఊపి, నో, నో అన్నాడు. ఆ ఇంగ్లీషు నాకు అర్థమైంది. పడుగు తొక్కొద్దంటున్నాడు.

ఈ ముక్క నేను చాలామందికి చెప్పాను. ఏం చేసేది, ఆయనే వద్దన్నాడు, అందుకే ఆగాను అని. నిజమేమిటంటే, ఆయన వద్దనకముందే నేను ఆగిపోయి ఉన్నాను. ఆయన మాట నాకు దొరికిన సాకు. హెడ్డు దిగి రోడ్డు మీదికి పరిగెత్తాడు, ఇంకో బండి కోసం. ఆ వేళకు రోడ్డు మీద పత్తి బండ్లు తప్ప ఏమీ లేవు. నేను అట్లాగే కూర్చున్నాను. ఒక నిమిషమే అనుకున్నాను. తర్వాత సారు, పది నిమిషాలకు తక్కువ కాదప్పా అన్నాడు.

అవ్వ ఇంట్లోంచి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. పెద్దాయన కోసం చెంబుతో నీళ్ళు తెచ్చింది. జీపు ఇంకా అక్కడే ఉండటం చూసి, ఏమైందని ఒక్క క్షణం నిలబడింది. నన్ను చూసింది, పడుగును చూసింది. చెంబు కింద పెట్టి లోపలికి పోయి మేకకు ఆకు కోసే కొడవలి తెచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, ఈ చివర బిగించిన చోట పడుగు మీద చెయ్యి పెట్టి, ఒక్కసారి కళ్ళకు అద్దుకుంది. తర్వాత కోసింది. ఒక్క దెబ్బకు తెగలేదు. నాలుగైదు దెబ్బలు పట్టింది. దారాలు తెగి జారుతున్న చప్పుడు ఇంజను చప్పుడులో కూడా వినిపించింది.

"సూస్తాండారేమి? గోడకు లాగండి," అంది మగవాళ్ళతో. వాళ్ళు లాగారు. తెల్లటి కుప్ప గోడ పక్కన పడింది, మట్టిలో. నేను కదిలాను.

రోడ్డు ఎక్కాక హెడ్డును ఎక్కించుకుని తోలిన తోలుడు మీకు చెప్పను, మీరు నేర్చుకుంటారు. బండ్లు, ఎద్దులు, గుంతలు. హారను మీది నుంచి చెయ్యి తియ్యలేదు. ఆ జీపు పోయేంత వేగంగా పోలేదు కూడా, కుదుపుకు ఆయన గుండె ఆగిపోతుందని ఒక భయం, నిదానిస్తే ఆగిపోతుందని ఇంకో భయం. అప్పుడు వెనక నుంచి గొణుగుడు వినిపించింది. ఏమంటున్నాడు సార్ అని అడిగాను. దీవుల పేర్లు చెబుతున్నాడప్పా అన్నాడు సారు. స్పృహ పోకుండా పొద్దున చెప్పిన ఆ పన్నెండు పేర్లూ వరసగా చెప్పుకుంటున్నాడు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో పేరుకూ మధ్య ఎడం పెరుగుతోంది. ఆరు. ఏడు. ఎనిమిది చెప్పేసరికి ఆదోని మిల్లుల గొట్టాలు కనిపించాయి. తొమ్మిది. తర్వాత ఏమీ వినపడలేదు. పదో పేరు కోసం చెవులు వెనక్కి పెట్టి తోలాను. సార్, పిలవండి సార్ అన్నాను. సారు పిలిచాడు. పలకలేదు. ఆసుపత్రి గేటుదాకా పలకలేదు. నా జన్మలో అంత భయం అంతకుముందూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, ప్రాణం ఉంది అన్నాడు. పరిగెత్తించి లోపలికి తీసుకుపోయారు. చాలాసేపటికి బయటికి వచ్చి, గండం గడిచినట్టేనని చెప్పి, ఇంకొంచెం ముందు తెచ్చింటే గుండెకు ఇంత దెబ్బ తగిలేది కాదు అన్నాడు. మామూలుగానే అన్నాడు, తిట్టలేదు. సారు నేల చూశాడు. నేనూ నేలే చూశాను.

రాత్రంతా వరండాలో కూర్చున్నాం. తెల్లవారాక నర్సు పిలిచింది. పెద్దాయన కళ్ళు తెరిచి మమ్మల్ని చూశాడు. నోరు తడారిపోయి ఉంది. మెల్లగా మూడు మాటలు అన్నాడు. సారుకు అర్థం కాలేదు. నాకైంది. అవి మిగిలిన మూడు దీవులు.

వారం తిరక్కముందే హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చి మమ్మల్ని విచారించాడు. ఎన్నింటికి పడిపోయాడు, ఎన్నింటికి బయల్దేరారు, ఎందుకు ఆలస్యమైంది. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. నాకంటే ముందు సారు మొదలుపెట్టాడు. ఆలస్యమేమీ కాలేదనీ, పడిపోయిన రెండు నిమిషాలకే కదిలామనీ, డ్రైవరు గొప్ప సమయస్ఫూర్తి చూపించి దారిలో పడుగు తీయించి బండి తోలాడనీ చెప్పాడు. ఆయన రాసుకున్నాడు. బయటికి వచ్చాక సారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"జీపు లోపలికి పోనీ అన్న్యది నేనేనప్పా. పిల్లలుగల్లోణ్ణి. నువ్వు నోరు మూసుకుంటే ఇద్దరం బతుకుతాం."

మూసుకున్నాను.

పదిహేను రోజులకు పెద్దాయన లేచి తిరిగాడు. ఢిల్లీకి పోయేముందు ఆ ముసలామెను చూడాలన్నాడు. ఆయనకు జరిగిందంతా తెలుసు, సీట్లో పడుకుని చూశాడు కదా. ఈసారి జీపు రోడ్డు మీదే ఆపాను, ఎవరేమన్నా లోపలికి పోనని గట్టిగా చెప్పాను. ఆయన సారు భుజం పట్టుకుని ఆగి ఆగి నడిచాడు. అవ్వ గడప మీద కూర్చుని ఉంది. మగ్గం ఖాళీగా ఉంది. సొసైటీవాళ్ళు కొత్త నూలు ఇచ్చారు గానీ, పడుగుకు పడిన చాకిరీ ఎవరిస్తారు?

ఏం పని చేస్తావప్పా అని ఆయన్ను అడిగింది. సారు చెప్పాడు. మీ దేశంలో ఎంతమంది జనం అని అడిగింది. ఆదోనిలో సగం కూడా ఉండరని సారు చెప్పాడు.

"ఆదోనిల సగం ల్యాకపోతే అది దేశమెట్లయితాది? పేట గదా."

సారు భయపడుతూనే తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చాడు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. గుండెకు ఏమవుతుందోనని మేము మళ్ళీ భయపడ్డాం. ఆయన వాళ్ళ దేశపు ఆకు చాప ఒకటి, చిన్నది, రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. అవ్వ తిప్పి చూసి, వేలితో అంచు తడిమి, అంచు బాగ కట్టినారు అంది. ఆయన కింద కూర్చుని, ఆ అంచు ఎట్లా మడుస్తారో వేళ్ళతో చూపించాడు.

వాళ్ళు ముందు నడుస్తుంటే నేను వెనక ఆగిపోయాను. అవ్వా, తొక్కించి పోయింటే ఆయన గుండె ఇంత పాడయ్యేది కాదంట, నేను భయపడి ఆగిపోయినా అని చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు, ఆమెకే చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను.

"నువ్వు తొక్కింటే నా కూడు లాక్కున్నట్టు. నేను కోస్తి, ఇచ్చినట్టు. ఆగిన్యందుకు నిన్నేమీ అనను," అంది. నాకు ఊపిరి వచ్చింది. కానీ ఆమె ముగించలేదు. "అంతసేపు కుచ్చున్యావే, అవ్వా పడుగు కోస్తావా అని ఒక్క మాట అడగల్యా? నేను ఇంట్లోనే ఉంటి గదా. అడిగింటే అప్పుడే కోసిత్తును. నోరు యాడికి పోయింది నీకు?"

నీళ్ళలో నిలబడి చాప తియ్యండమ్మా అని అడుగుతూనే ఉన్న పెద్దాయన కథ ఆ పొద్దున్నే విన్నాను. ఆగడం ఒక్కటే పట్టుకున్నాను, అడగడం వదిలేశాను.

ఆయన నెలాఖరుకు తన దేశం చేరాడు. మంచం మీదే ఆ మూడు దీవులకు పోయాడంట, మనుషులు మోసుకుపోయారంట. తుపాకులు బయటికి రాలేదు. ఆయన నాలుగేళ్ళు బతికాడు. సారుకు ఉత్తరం వచ్చినప్పుడల్లా నాకు చదివి చెప్పేవాడు. ఆ నాలుగేళ్ళు ఎనిమిది అయ్యేవేమో, ఆ పది నిమిషాలు లేకపోతే. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో.

ఆ వచ్చే రిపబ్లిక్ దినం నాడు స్టేజీ మీద నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. విచారణలో సారు చెప్పిన మాటలే బంగారు అంచు కాగితం మీద అచ్చయి వచ్చాయి. మైకు ఇచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. నోరు యాడికి పోయింది అన్న మాట గుర్తుకు వచ్చింది. అంతా పెద్దల దయ అని చెప్పి దిగాను. రెండు నెలలకు పర్మినెంటు ఆర్డరు కూడా వచ్చింది.

ఆ పత్రం పట్టుకుని ఎమ్మిగనూరు పోయాను. అవ్వతో ఉన్నది ఉన్నట్టు చెప్పాలని దారంతా అనుకుంటూ పోయాను. చెప్పింది వేరు. అవ్వా, ఇది నీకిచ్చినారు, పడుగు కోసినందుకు, గవర్నమెంటు ఇచ్చింది అన్నాను. చదివి వినిపించమంది. నా పేరు ఉన్నచోట ఆమె పేరు పెట్టి, డ్రైవరు అన్నచోట నేతగత్తె అని పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

"నా పేరు యాడుంది, సూపియ్యి."

ఆమె చూపుడు వేలు పట్టుకుని నా పేరు మీద పెట్టాను. నూలు ఒరిసి గరుకెక్కిన వేలు. అది నా పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరందాకా మెల్లగా జరిగింది.

"ఇంత పొడుగుంటాదా నాయనా, నా పేరు?"

ఆమెకు చదువు రాదు, నిజమే. కానీ నలభై ఏళ్ళు సొసైటీ పుస్తకంలో తన పేరు పక్కన వేలిముద్ర వేసిన మనిషి. ఆ పేరు ఎంత పొడుగుంటుందో ఆమెకు తెలియదని నేను ఎట్లా అనుకున్నాను? నేను తల వంచుకున్నాను. ఆమె పత్రాన్ని మడత పడకుండా చుట్టి, కొంగుతో ఒకసారి తుడిచి, నా చేతికే ఇచ్చింది.

"నీ కాడనే పెట్టుకో," అంది. "ఈడ గంజి తడి తగుల్తాది."